ముడి వేయని జుబ్బా

గున్సాన్ ఊళ్ళో మాల్‌సున్‌కి తెలిసిన ఏ ఇంటి వంటగదిలోకి వెళ్ళినా, గిన్నెలు తోమే చోట గోడకి ఆవిడ అల్లిన పీచు ఒకటి వేలాడుతూ ఉంటుంది. కొన్ని స్ట్రాబెర్రీ ఆకారంలో, కొన్ని చేప ఆకారంలో, మెరుపు దారంతో క్రోషియా అల్లిన పీచులు. పళ్ళ డాక్టరుకి ఇచ్చింది, కూరగాయల కొట్టావిడకి ఇచ్చింది, బస్సులో మర్చిపోయిన సంచీ తెచ్చిచ్చిన డ్రైవరుకి ఇచ్చింది. పెద్దవాళ్ళు పొద్దుపుచ్చే హాల్లో ఒకావిడతో ముల్లంగి పచ్చడి దగ్గర మాటా మాటా వచ్చి నెల్లాళ్ళు మొహాలు చూసుకోలేదు. ఆ నెల చివర ఆవిడ గుమ్మానికి కూడా ఒక పీచు తగిలించి వచ్చింది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. అల్లినది ఇంట్లో ఉంచుకోవడం అంతకన్నా చేతకాదు.

కొక్కెం సూది చేతికి ఎంత అలవాటో, భయం మాల్‌సున్ గుండెకి అంత అలవాటు. తలుపులు మూసి ఫ్యాను వేసుకుని పడుకోదు, తెల్లారేసరికి ప్రాణం పోతుందని. నాలుగు చావు అంకె కాబట్టి నాలుగో అంతస్తులో ఎవరైనా పేరంటానికి పిలిస్తే మోకాలు నెప్పి వస్తుంది. బతికున్నవాళ్ళ పేరు ఎర్ర సిరాతో రాసినందుకు ఒకసారి బళ్ళో మేష్టరుతోనే తగాదా వేసుకుంది. అన్నిటికన్నా పెద్ద భయం మాటంటే. మాట విత్తనం, నోట్లోంచి జారిందంటే ఎక్కడో మొలుస్తుందని ఆవిడ నమ్మకం. అందుకే ఆవిడ ఏ చెడ్డ సంగతినీ చివరిదాకా చెప్పదు. "ఒకవేళ గనక..." అని ఆగిపోతుంది. తక్కినది వినేవాళ్ళు ఊహించుకోవాలి. కూతురు హేరిమ్ చిన్నప్పుడు "అమ్మా, భయమేస్తోంది" అంటే, "ష్, ఆ మాట అనకూడదు" అని బెల్లపు పాకం ఉండ నోట్లో కుక్కేది.

అలాంటి మనిషి ఆ తెల్ల దారం ఎందుకు అందుకుందో హాల్లో ఎవరికీ అంతుపట్టలేదు.

జొంజులోని ఒక పెద్దాసుపత్రికి హాల్లో ఆడవాళ్ళు ఏడాది పొడుగునా బుల్లి టోపీలు అల్లి పంపుతారు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం. ఒకసారి ఆసుపత్రివాళ్ళు గొంతు తగ్గించి ఇంకో సంగతి అడిగారు. నిలవని పిల్లలకి తొడగడానికి బుల్లి జుబ్బాలు లేవట, అంత చిన్నవి ఏ కొట్లోనూ దొరకవట. హాలు హాలంతా తలవంచుకుంది. "నా కోడలు కడుపుతో ఉందమ్మా" అని ఒకావిడ, "నాకు చూపు ఆనదు" అని ఇంకొకావిడ. అప్పుడు అందరికన్నా పిరికిది చెయ్యి చాపి దారం ఉండ తీసుకుంది.

కారణం ఒక్క కాంజిన్ అక్కకే తెలుసు. కాంజిన్ ఊరి నుంచి కోడలుగా వచ్చింది కాబట్టి అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు, అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. మాల్‌సున్ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో పక్కింట్లో ఉండేది. మాల్‌సున్ మొదటి కాన్పు నెలలు నిండకుండానే అయింది. మగపిల్లాడు. సాయంత్రం దాకా ఉన్నాడు. అత్తగారు పిండి సంచీలో చుట్టి చంకన పెట్టుకుని కొండవైపు వెళ్ళిపోయింది. ఎక్కడ పెట్టిందో చెప్పలేదు, మాల్‌సున్ అడగలేదు. తరవాత ఎన్నో ఏళ్ళకి పుట్టిన హేరిమ్‌కి తనకొక అన్న ఉండేవాడని తెలియదు.

దోషం అంటదని అధిక మాసాల్లో మాల్‌సున్ తల్లి ఊళ్ళోవాళ్ళకి పోయాక తొడిగే కడపటి బట్టలు కుట్టేది. పోయినవాళ్ళ బట్టలో దారానికి ముడి వెయ్యకూడదనేది ఆవిడ. ముడి వేస్తే పోయేవాళ్ళ కాలు ఇక్కడే చిక్కుకుంటుందట. అందుకని మాల్‌సున్ ఆసుపత్రి జుబ్బాలకి చివరి కుట్టు బిగించదు. కొసని అల్లికలోకి దూర్చి వదిలేస్తుంది. బతికే పిల్లలకైతే వేరు. చివరి కుట్టు బిగించి ముడి వెయ్యాలి. రొమ్ము దగ్గర ఎన్నో పోగులు పేనిన పొడుగాటి తాడు కూడా పెట్టాలి. పిల్లని ఆ తాడు ఎన్ని చుట్లు చుడితే ఆయుష్షు అంత పొడుగని.

ఇప్పుడు హేరిమ్‌కి నలభై నిండాక కడుపు పండింది. జొంజులో ఉంటుంది, భర్త ఉల్సాన్‌లో ఓడల కార్ఖానాలో పని, వారాంతానికి వస్తాడు. కడుపులో వాడికి "గట్టోడు" అని ముద్దుపేరు పెట్టుకుంది. ఇంతకుముందు రెండు నిలవలేదు. ఈసారి నెలలు ఏడు దాటాయి. ఆసుపత్రి జుబ్బాలు మానకుండానే మాల్‌సున్ వాడికీ తాడున్న జుబ్బా ఒకటి మొదలుపెట్టింది.

"ఒకే చేత్తో రెండు పన్లూ చెయ్యకే," అంది కాంజిన్ అక్క.

"రెంటికీ వేరే సూదులక్కా. వేరే బుట్టలు. మధ్యలో ఉప్పు నీళ్ళతో చేతులు కడుక్కుంటున్నాను."

"ఉప్పేసుకుని చేతులు ఊరబెట్టుకో, కిమ్చీ అవుతాయి," అని నవ్వింది అక్క.

సూదులు వేరు, బుట్టలు వేరు. దారం మాత్రం ఒక్కటే, అంత మెత్తని నూలు ఇంకోటి దొరకలేదు మరి. రెంటినీ చుట్టిన తెల్ల కాగితమూ ఒక్కటే. పార్సిల్ కుర్రాడు గుమ్మంలో "త్వరగా అమ్మగారూ" అని తొందరపెట్టడమూ, ఆసుపత్రి పెట్టె కోసం కాంజిన్ అక్క రావడమూ, పొయ్యి మీద పులుసు పొంగడమూ ఒక్కసారే జరిగాయి. మాల్‌సున్ హేరిమ్‌కి పంపమని ఒక పొట్లం కుర్రాడి చేతిలో పెట్టింది, తక్కినవి అక్క పెట్టెలో సర్దింది. అన్ని కిటికీలకూ గడియలు వేసి వీధి తలుపు తీసి పడుకున్నట్టయింది ఆవిడ జాగ్రత్త.

మర్నాడు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే ఫోను మోగింది. హేరిమ్ ఫోటో పంపింది. గుండ్రటి పొట్ట మీద తెల్ల జుబ్బా పరిచి ఉంది. రెండు చేతులూ చాపి పడుకున్నట్టుంది ఆ జుబ్బా. దానికి తాడు లేదు.

మాల్‌సున్ చేతిలోంచి చెంచా జారి పులుసులో పడింది. అంతలో హేరిమే ఫోను చేసింది.

"అమ్మా, చూశావా? ఎంత బుల్లిదో! గట్టోడికి అల్లావా, బొమ్మకి అల్లావా?"

"తియ్యి."

"ఏంటి?"

"పొట్ట మీంచి తియ్యవే ముందు!"

"అబ్బా, చెవి పగిలింది. తీశాలే. ఏమైందిప్పుడు?"

"అదీ... ఉతకలేదు. దారానికి మందు వాసన. దూరంగా పెట్టు, అస్సలు ముట్టుకోకు."

"తాడు కూడా మర్చిపోయావు. పోన్లే, రిబ్బను కట్టుకుంటాను."

"ఏమీ కట్టొద్దు! రేపు నేనొచ్చి చూస్తా."

"బాతు మాంసం తినొద్దన్నావు, మానేశాను. విరిగిన రొట్టె తినొద్దన్నావు, మానేశాను. ఇప్పుడు మా అమ్మ అల్లిన జుబ్బా కూడా ముట్టుకోకూడదా? ఇంక నేను గాలి పీల్చొచ్చా, అది కూడా నిన్నడగాలా?" అని పడీపడీ నవ్వింది.

చిన్నప్పటి నుంచీ హేరిమ్ అంతే, దేనికైనా నవ్వుతుంది. ఆ నవ్వు ఆగకముందే ఫోను పెట్టేసింది మాల్‌సున్. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కాంజిన్ అక్క ఇంటికి పరిగెత్తింది.

"దారానికేం తెలుసే అది ఎవరికోసమో?" అంది అక్క అంతా విని.

"దారానికి తెలీదక్కా. అల్లినదాన్ని నాకు తెలుసుగా. ప్రతి కుట్టుకీ 'హాయిగా వెళ్ళు నాయనా' అనుకుంటూ అల్లాను. ఆ మాటలన్నీ దాని పొట్ట మీద..." అని ఆగిపోయింది.

"పిల్లకి చెప్పెయ్యరాదూ?"

"ఏమని చెప్పను? 'అమ్మాయీ, నీకు పొరపాటున...'" మళ్ళీ ఆగిపోయింది.

అక్క నిట్టూర్చింది. "ఆసుపత్రి పెట్టె నిన్ననే ఇచ్చేశాను. తాడున్నది అందులోనే పోయిందన్నమాట."

మాల్‌సున్ ఆ మాట విని కూడా వినలేదు. తాడున్న జుబ్బా ఎక్కడికి పోతుందో, ఎవరి చేతుల్లో పడుతుందో ఆవిడకి తట్టలేదు. భయం అలాంటిది. తన పిల్ల తప్ప లోకంలో ఇంకో పిల్ల ఉందని గుర్తుండనివ్వదు.

మర్నాడు మొదటి బస్సెక్కింది. తాడు పెట్టి తెస్తానని జుబ్బా అడిగి తీసుకోవాలి, సంచీలో వేసుకోవాలి, దారిలో ఎక్కడైనా వదిలించుకోవాలి, కొత్తది అల్లి పంపాలి. ఇదీ ఉపాయం. దారి పొడుగునా ఆ నాలుగు మాటలే వల్లె వేసుకుంది. పొలాల మీద మంచు ఇంకా విడలేదు. పక్క సీటాయన నిద్రలో ఈల వేసినట్టు గుర్రు పెడుతుంటే, ఈల పాముని పిలుస్తుందని లేచి వేరే సీట్లో కూర్చుంది.

హేరిమ్ తలుపు తీసింది, నవ్వుతూనే. చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో ఉంగరాలు ఉంగరాలుగా తెల్ల దారం, దాని మీద సగం జుబ్బా. ఒక చెయ్యి లేదు. మెడ దగ్గర సగం లేదు.

"అమ్మా, నీ పనితనం అయిపోయింది! మందు వాసనన్నావని ఉతికాను. ఉతికితే కొస బయటికొచ్చింది. కత్తిరిద్దామని లాగితే ఇంకా వచ్చింది, ఇంకా వచ్చింది. ఎక్కడా ముడే లేదు!"

మాల్‌సున్ చెప్పులు విడవకుండానే గిన్నె కోసం చెయ్యి చాపింది. ముడి వేసిన కడపటి బట్ట ఏం చేస్తుందో తల్లి చెప్పింది. కడుపుతో ఉన్న మనిషి తన చేత్తో ఆ బట్టని విప్పేస్తే ఏమవుతుందో చెప్పలేదు. ఎవరూ అలా విప్పి ఉండరు, ఎలా చెబుతుంది? మంచిదా, చెడ్డదా? చావు బట్ట దానంతటదే లేకుండా పోయిందనుకోవాలా, ఒక ప్రాణం కొస పట్టుకుని లాగేసిందనుకోవాలా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హేరిమ్ నవ్వు ఆగింది. "ఏంటమ్మా అది? ఎందుకేడుస్తున్నావు?"

"ఏడవట్లేదు. ఆ గిన్నె ఇలా ఇయ్యి."

"ఇవ్వను. పీచుకి కూడా ముడి మీద ముడి వేసేదానివి, దీనికి ఒక్కటి వెయ్యలేదు. తాడు లేదు. గట్టోడికి సరిపోదు. ఇది నాకు అల్లింది కాదు. ఎవరికి అల్లావు?"

"ఎవరికో ఒకరికి."

"ఎవరికమ్మా?"

"చెప్పను. చెప్పకూడదు."

"చెప్పకూడదు, చెప్పకూడదు! పుట్టినప్పటినుంచీ ఇదే. చెప్పు, ఇంత చిన్న బట్ట ఎవరు తొడుక్కుం..."

ఆ మాట పూర్తి కాలేదు. హేరిమ్ గోడ పట్టుకుంది. గిన్నె కింద పడింది. "అమ్మా, పొట్ట," అంది. మాల్‌సున్ చెయ్యి వేసి చూస్తే పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది. కాసేపటికి వదిలింది. మళ్ళీ పట్టింది. అంబులెన్సుకి ఫోను చెయ్యబోయి ఆవిడ రెండుసార్లు తప్పు అంకెలు నొక్కింది. హేరిమే చేసింది.

ఆ పెద్దాసుపత్రిలోనే తెరలు కట్టిన మంచం మీద హేరిమ్‌ని పడుకోబెట్టి, పొట్టకి పట్టీ చుట్టారు. పక్కన మిషన్లోంచి గట్టోడి గుండె చప్పుడు గుర్రబ్బండి పరుగులా వినిపించసాగింది. డాక్టరు మందెక్కించాడు. "నెప్పులు ఆగుతాయేమో చూద్దాం. ఆగకపోతే..." అని ఊరుకున్నాడు. ఈయన కూడా చివరిదాకా చెప్పడు. తనలాంటి మనిషి ఇంకొకడున్నందుకు మాల్‌సున్‌కి ఊరట కలగలేదు.

ఉల్సాన్‌లో అల్లుడికి కబురు చెప్పింది. తెర అవతల బల్ల మీద కూర్చుంది. సంచీలోంచి సూదీ దారమూ తీసి, ఏం అల్లుతోందో తెలియకుండానే గొలుసు కుట్లు వేయసాగింది. నేనే చేశాను, నా చేత్తో నేనే పంపాను. ఇదొక్కటే లోపల తిరుగుతోంది. మిషను చప్పుడు ఒక్క రవ్వ నెమ్మదించినా సూది ఆగేది.

అటుగా పోతున్న చిన్న నర్సు ఆగి చూసింది. "ఆ దారం... గున్సాన్ అమ్మమ్మగారు మీరేనా? తెల్ల జుబ్బాలు?"

మాల్‌సున్ కళ్ళతోనే బతిమాలింది, తెరవైపు చూపించి. ఆ పిల్లకి అర్థం కాలేదు. పక్కన కూర్చుంది కూడా.

"మిమ్మల్ని చూస్తే చెప్పాలనుకున్నానండి. ఈసారి పెట్టెలో ఒకదానికి పొడుగాటి తాడుంది. పొరపాటున వచ్చుంటుంది కదా? ఆ తాడు ఎందుకు పెడతారో మాకూ తెలుసు. కత్తిరించేసి ఇద్దామనుకున్నాం. ఈలోపే బిడ్డని పోగొట్టుకున్న తల్లి చూసేసింది."

మాల్‌సున్ చేతిలో సూది ఆగిపోయింది. ఆ తల్లి. నిన్నటి నుంచీ ఒక్కసారైనా ఆ తల్లి సంగతి తలుచుకున్నానా? చచ్చిపోయిన బిడ్డకి ఆయుష్షు తాడు పంపాను. అంతకన్నా వెక్కిరింత ఇంకోటి ఉంటుందా? భయానికి తోడు సిగ్గు ముంచుకొచ్చింది.

"ఏమందమ్మా? తిట్టిందా?" అంది.

"లేదండి. ఆ తాడు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. 'ఇది అల్లినావిడ మావాడు బతుకుతాడనుకుందా?' అనడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు, అవునన్నాను. 'ఒక్కరైనా అనుకున్నారు' అంది. ఆ తాడు వాడికి ఎన్ని చుట్లొస్తే అన్ని చుట్లు చుట్టి తనే ముడి వేసింది. విప్పనివ్వలేదు."

నర్సుని ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. మాల్‌సున్ దోసిట్లో మొహం దాచుకుని ఏడ్చింది. కొండమీద ఎక్కడో పిండి సంచీలో ఉన్నవాడి కోసం ఇన్నేళ్ళలో ఆవిడ పైకి ఏడవడం అదే మొదలు.

"అమ్మా," అంది హేరిమ్ తెర లోపలినుంచి. "ఇలా రా."

మాల్‌సున్ లోపలికి వెళ్ళింది. హేరిమ్ పైకప్పుకేసి చూస్తోంది.

"ఆ తాడున్నది నాది. అవునా?"

"అవును."

"నాకొచ్చింది వాళ్ళది."

"... అవును."

తిడుతుందనుకుంది, అరుస్తుందనుకుంది. హేరిమ్ తల తిప్పి తల్లికేసి చూసింది. "అలాంటివి నువ్వెందుకు అల్లుతున్నావు? నాలుగో అంతస్తు ఎక్కవు. నువ్వెందుకు?" అంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మాల్‌సున్ చించుకుంది. పిల్లాడు సాయంత్రం దాకా ఉన్నాడని చెప్పింది, పిండి సంచీ సంగతి చెప్పింది, చంకన పెట్టుకుని వెళ్ళిన అత్తగారి సంగతి చెప్పింది.

"అన్నయ్యకి పేరు పెట్టారా?"

"ఎక్కడ పెట్టారు, ఒక్క రోజుకి."

"కడుపులో ఉన్నప్పుడు ఏమని పిలిచేదానివి?"

"పిలిచేదాన్ని కాదు. పిలిస్తే నిలవడేమోనని భయం."

"పిలవకపోయినా పోయాడుగా అమ్మా," అంది హేరిమ్ మెల్లగా.

మాల్‌సున్ జీవితమంతా నోరు కట్టుకుని కాపలా కాసింది. ఆ కాపలా ఎవరినీ ఆపలేదు.

హేరిమ్ తల్లి చెయ్యి పట్టుకుంది. "నాకు భయమేస్తోంది. ఇవాళ కాదు, మొదటినుంచీ. రాత్రీ పగలూ. నేను నవ్వుతుంటే నువ్వు భయపడవని నవ్వేదాన్ని."

"నాకూ భయమేనే," అంది మాల్‌సున్.

"ఏమని?"

ఆవిడ నోరు తెరిచింది. అలవాటు కొద్దీ సగంలో ఆగబోయింది. హేరిమ్ చెయ్యి పట్టుకుని ఉంది, వదల్లేదు.

"వాడు చచ్చిపోతాడేమోనని," అంది మాల్‌సున్.

మాట బయటపడింది. తల్లీ కూతురూ మిషనుకేసి చూశారు. గుర్రబ్బండి పరిగెడుతూనే ఉంది. నెప్పి మళ్ళీ వస్తుందేమో, రేపటిదాకా ఆగుతుందో ఆగదో, అది ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

హేరిమ్ మంచం మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.

"కూర్చో," అంది. "ఇంకా ఏమేం భయాలున్నాయో చెప్పు. తరవాత నావి చెబుతాను."